చందా రిజిస్టరూ, బాన్‌హోఫర్

అయ్యగారికి, సంఘ పెద్దలకు, యవనస్తులకు వందనాలు. పేరుపేరునా చెప్పాలంటే ఉన్న టైమంతా దానికే సరిపోతుంది, ఏమీ అనుకోకండి. ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది, దానిక్కూడా ఓర్చుకోండి.

మన స్టడీ సర్కిల్‌కి మొదట డీట్రిష్ బాన్‌హోఫర్‌నే ఎందుకు పెట్టారని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. "జర్మనీ పాస్టరు విశాఖలో మనకెందుకండీ?" అని. ఆయన 1906లో పుట్టారు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ క్యాంపులో నాజీలు ఉరి తీశారు. 39 ఏళ్లకే. మన దేశం రావాలని ఆయనకు ఎంతో ఆశ. గాంధీగారు 1934లో ఆశ్రమానికి రమ్మని ఉత్తరం కూడా రాశారు. రాలేకపోయారు. హిట్లర్‌కు తలొగ్గని సంఘాల కోసం పాస్టర్లను తయారుచేసే సెమినరీ పని మీద పడింది. దాన్నీ 1937లో గెస్టాపో, అంటే నాజీల రహస్య పోలీసు, మూయించింది.

అదే ఏడాది వచ్చిన ఆయన పుస్తకం పేరు జర్మన్‌లో ఒక్కటే మాట, నాఖ్‌ఫోల్గె. వెంబడించడం అని. ఇంగ్లీషువాళ్లు దానికి 'శిష్యత్వపు వెల' అని పేరు పెట్టారు గానీ, మనకు ఆ తిప్పలు అక్కర్లేదు. సుంకపు మెట్టు దగ్గర పన్ను వసూలు చేసుకునే లేవీతో యేసు అన్న "నన్ను వెంబడించుము" మన బైబిల్లోనే ఉంది. లేవీ ఒక్క ప్రశ్న అడగలేదు, లేచాడు. ఆ లేవడం లేని భక్తినే బాన్‌హోఫర్ 'చవక కృప' అన్నారు. మారుమనస్సు అడగని క్షమాపణ, పాపాలు ఒప్పుకోకుండానే ప్రభు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం.

ఇంతవరకే నోట్సులో రాసుకొచ్చాను. ఇక కాగితం పక్కన పెడుతున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. అప్పుడు నేను వేరే సంఘంలో కోశాధికారిని. చర్చి రేకులు ఎగిరిపోయాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు. నాలుగు రోజులకు ఎవరో పుణ్యాత్ములు ఐదేసి కిలోల బియ్యం ప్యాకెట్లు పంపారు. గేటు దగ్గర బల్ల వేసుకుని, చందా రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. చందా కట్టినవాళ్లకే ప్యాకెట్. ఆ రూలు పెట్టిందీ నేనే.

వెనక సందులో చేపలమ్ముకునే ఆమె సత్తు గిన్నె పట్టుకుని వచ్చింది. "నీ పేరు ఇందులో ఉందా అమ్మా?" అన్నాను. "నాకేం తెలుస్తాది బాబూ! మీ గేటు మీద పడ్డ చెట్టు మా ఆయనే కొట్టాడు" అంది. లేదని తెలిసి కూడా పేజీలు తిప్పాను. వినండి, తిప్పాను! వేలు పెట్టి ఒక్కో పేరూ చూసుకుంటూ. ఆ చెట్టు కొట్టకపోతే బియ్యం వ్యాను లోపలికే వచ్చేది కాదు. ఆమె కాసేపు చూసి వెళ్లిపోయింది.

పదకొండు ప్యాకెట్లు మిగిలాయి. లెక్కలో 'మిగులు 11' అని రాసి సంతకం పెట్టాను. క్రిస్మస్‌కి విప్పితే పురుగు పట్టి ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు ప్రభు బల్లలో చెయ్యి వేశాను, టెన్షనేమీ పడకుండా. బాన్‌హోఫర్ మనకెందుకని అడిగిన తమ్ముడూ, చవక కృప అంటే అదేనయ్యా.

ఇతరుల కోసం ఉన్నప్పుడే సంఘం సంఘం అవుతుందని 1944లో బాన్‌హోఫర్ నాజీల జైలు నుంచే రాశారు. ఇప్పుడున్న మన కోశాధికారిగారు మూడో వరసలో ఉన్నారు. అన్నా, మన సహాయ నిధి ఫారం మీద 'సభ్యులకు మాత్రమే' అన్న లైను ఇంకా ఉంది. పెన్ను నా దగ్గరుంది. మీరు అది కొట్టేశాకే రెండో పాఠం మొదలుపెడతాను.