చట్టం - చదువు: శ్రీకాకుళం, విజయనగరం శ్రోతలతో న్యాయవాది ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: ఎచ్చెర్ల వైపు నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, పేరు అక్కర్లేదు.

శ్రోత: నమస్కారం మేడమ్. మా గుంట మా ఊరి బడిలోనే ఏడో తరగతి. పెద్దమనిషైన కాడి నుంచీ నెలకి మూడు నాలుగు రోజులు బడి మానేస్తోంది. ఏటమ్మా అనడిగితే, బాత్రూముకి తాళం వేసేస్తున్నారంది.

న్యాయవాది: తాళంచెవి ఎక్కడుంటుంది?

శ్రోత: స్టాఫ్ రూములో మేకుకి తగిలిస్తారట. మేష్టార్లందరి ముందూ వెళ్ళి అడగాలి. మగపిల్లలకేటి, గోడ అవతలకి పోతారు. నేనెళ్ళి అడిగితే, నీళ్ళు రావమ్మా, తెరిచి ఉంచితే పాడైపోతుంది అన్నారు.

న్యాయవాది: చిక్కంతా అక్కడే ఉంది. కాగితం మీద ఆ బడికి మరుగుదొడ్డి ఉన్నట్టే లెక్క. ఆడపిల్లలకు వేరుగా ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాశారు. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆరు నెలల గడువు పెట్టింది. మీ ఊళ్ళో కట్టారు కూడా. రేపు మీరు ‘మా బడికి మరుగుదొడ్డి లేదు’ అంటే అవతలివాళ్ళు ఫొటో తీసి చూపిస్తారు. మీ మాట అక్కడే తేలిపోతుంది. కాబట్టి ‘లేదు’ అని రాయొద్దు. ఫలానా తేదీన తాళం వేసి ఉంది, తాళంచెవి స్టాఫ్ రూములో ఉంది, కుళాయిలో నీళ్ళు రావు, ఈ ఈ రోజుల్లో ఆడపిల్లలు బడికి రాలేదు అని రాయండి. ఆ గైర్హాజరు రిజిస్టర్లో ఎలాగూ ఉంటుంది. అన్నట్టు, మీరు బడి కమిటీలో ఉన్నారా?

శ్రోత: ఉన్నానండి. పుస్తకం ఇంటికి పంపిస్తారు, సంతకం పెట్టేస్తాను.

న్యాయవాది: (నవ్వు) చదవకుండానేనా? ఆ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళుండాలి అని చట్టం. ఈసారి పుస్తకం వస్తే సంతకం ఆపండి. మీటింగు పెట్టమనండి, ఇది తీర్మానంగా రాయించండి.

శ్రోత: మేష్టార్లకి కోపమొచ్చి గుంటని ఏటైనా అంటారేమోనని టెన్షన్ మేడమ్.

న్యాయవాది: ఆ భయం నిజమే, కాదనను. అందుకే కమిటీ తీర్మానం అంటున్నాను, దాంట్లో మీ పాప పేరు రాదు. ఆ నకలు జతచేసి మండల విద్యాధికారికి అర్జీ ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి. చట్టంలో 32వ సెక్షను ఉంది. ఫిర్యాదు రాతపూర్వకంగా అందితే స్థానిక అధికారులు మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. హైకోర్టు ఆ తర్వాత సంగతి. రిట్, అంటే అక్కడ కేసు, వేసిన రోజు ‘ముందు ఎవరిని అడిగారు?’ అనే ప్రశ్న తప్పదు. అప్పుడు చూపించడానికి ఆ రసీదు కావాలి.

శ్రోత: లాయరు ఫీజంటే మావల్ల కాదండి.

న్యాయవాది: పైసా అక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. శ్రీకాకుళం జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, వెళ్ళండి. లేదా 15100కి ఫోన్ చేయండి.

వ్యాఖ్యాత: నెల్లిమర్ల నుంచి ఒక తాతగారు.

శ్రోత: అమ్మా, మనవరాలు అయిదో తరగతి. కోరుకొండ సైనిక్ స్కూలంటోంది. అది మగపిల్లలదే కదా?

న్యాయవాది: 1962 నుంచి అంతే ఉండేదండి. 2021-22 నుంచి ఆరో తరగతిలో అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. అది రక్షణ శాఖ నిర్ణయం. కోర్టు తెరిపించింది దాని పై మెట్టును, ఎన్డీఏని, అంటే సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీని. ఇది విధాన నిర్ణయం, కోర్టులు కలగజేసుకోకూడదని ప్రభుత్వం వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2021 ఆగస్టు 18న అమ్మాయిలను పరీక్ష రాయనివ్వమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ నవంబరులోనే రాశారు. మొదటి బ్యాచ్ 17 మంది 2025 మేలో శిక్షణ పూర్తి చేసుకుని బయటికొచ్చారు.

శ్రోత: అయితే మా పిల్ల సైనిక్ స్కూలు పరీక్ష రాయొచ్చన్నమాట. వయసు ఎంతుండాలి?

న్యాయవాది: చేరే ఏడాది మార్చి 31 నాటికి పది నుంచి పన్నెండేళ్ళ మధ్య ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పుట్టినరోజు సర్టిఫికెట్లో, బడి రికార్డులో తేదీ ఒకటేనా?

శ్రోత: బడిలో ఒక ఏడాది ఎక్కువేశారమ్మా.

న్యాయవాది: అయితే ముందు అది సరిచేయించండి తాతగారూ, నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు.