షోరూము వెలుగు వేరు, హాలు వెలుగు వేరు

(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక టీవీ మెకానిక్ చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. సోల్డరింగ్ ఐరన్ పట్టిన చెయ్యి మైకు పట్టగలదా అని నిన్నటిదాకా జంకుతూనే ఉన్నాను. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా టీవీలు బాగు చేస్తున్నాను. మీలో కొందరి ఇళ్లకు యాంటెనా తిప్పడానికి మేడ ఎక్కినవాణ్ణే కాబట్టి కొత్తవాణ్ణేమీ కాను.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అప్పటి నుంచి నన్ను ఆపి అడిగేవాళ్లు పెరిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "యాభై అయిదు అంగుళాలది తీసుకుందామనుకుంటున్నాం, ఏ కంపెనీది మంచిది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీ హాలులో కిటికీ ఎటువైపు ఉంది సార్?" మాట దాటవేస్తున్నాననుకుంటారు. కాదు, దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక షోరూములో నీలి సముద్రం, రంగురంగుల చిలకలు చూసి మురిసిపోయి 65 అంగుళాల సెట్టు తెచ్చుకున్నాను. మా హాలుకు పడమటి కిటికీ ఉంది. సాయంత్రం నాలుగింటికి సినిమా పెడితే తెర మీద కిటికీ ఊచలు, వాటి ముందు బనియనుతో నేను! ఇంతకాలం టీవీలు విప్పినవాడికి ఆ మాత్రం తెలియదా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

షోరూములో సెట్లను దుకాణం కోసమే ఉండే మోడ్‌లో పెడతారు. వెలుగు పూర్తిగా పెంచి, తెలుపులో కాస్త నీలం కలుపుతారు. పక్కపక్కన పది సెట్లు ఉంటే మన కన్ను ఎక్కువ మెరిసేదాని వైపే పోతుంది. అందుకే ఆ మోడ్ తీసి 'సినిమా' మోడ్‌లో చూపించమని అడగండి. మొదట పసుపు పచ్చగా, నీరసంగా అనిపిస్తుంది. మనిషి ముఖం మనిషి ముఖంలా కనిపించేది మాత్రం అందులోనే. ఇక పగటిపూట కిటికీ తెరలు వేయని ఇల్లయితే నిట్లు ఎన్నో అడగండి. నిట్టు అంటే వెలుగు కొలత. తక్కువ ధర సెట్లు 250, 300 దగ్గరే ఆగిపోతాయి. మన ఎండాకాలం మధ్యాహ్నానికి అవి చాలవు.

ఇప్పుడు సైజు. 55 అంగుళాలన్నది కర్ణం కొలత, అంటే మూల నుంచి ఎదుటి మూలకు. వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, అంటే నాలుగు అడుగులు. 65 అంగుళాలదైతే 144. ఇల్లు కట్టేటప్పుడు పాత టీవీ కోసం గోడలో గూడు పెట్టించుకున్నవాళ్లు ఆ గూడును కొలవకుండా వెళ్లి, సెట్టు దించాక నాకు ఫోను చేస్తారు. నేను చెప్పే ఉపాయానికి ఖర్చు లేదు. పాత దినపత్రికలు ఆ కొలతకు అతికించి గోడకు తగిలించండి. రెండు రోజులు మీ కుర్చీలో కూర్చుని దానివంక చూడండి. మెడ పైకెత్తాల్సి వస్తే కిందికి దించండి.

ఫోర్‌కే గురించి అందరూ అడుగుతారు. పాత ఫుల్ హెచ్‌డీ తెర మీద చుక్కలు సుమారు 20 లక్షలు, ఫోర్‌కేలో 83 లక్షలు. నాలుగు రెట్లు నిజమే, కానీ ఎంత దూరం నుంచి చూస్తున్నాం? పోచంపల్లి చీరలో నూలుకు ముందే రంగు అద్ది ఆ తర్వాత నేస్తారు కనుక పువ్వు అంచు కాస్త ఈకలు లేచినట్టు ఉంటుంది. చీర చేతిలో ఉంటే అది కనిపిస్తుంది. పెళ్లి పందిట్లో అవతలి వరుస నుంచి చూస్తే కనిపించదు. అలాగే 55 అంగుళాల తెరను ఏడు అడుగులు దాటి చూస్తే మామూలు కంటికి ఆ రెండింటి తేడా పెద్దగా తెలియదు. పెద్ద సెట్లు ఇప్పుడు దాదాపు అన్నీ ఫోర్‌కేవే కాబట్టి దానికోసం వెతకక్కర్లేదు. ఇంకా ఎక్కువ చుక్కలుండే ఎయిట్‌కే అంటూ అదనంగా డబ్బు అడిగితే మాత్రం ఇవ్వకండి.

అసలు ఇబ్బంది మరోచోట ఉంది. హెచ్‌డీ కాని చానళ్ల బొమ్మలో పైనుంచి కిందికి లెక్కిస్తే ఉండేవి 576 గీతలే. దాన్ని పెద్ద తెరంతా సాగదీస్తే మిగతా చుక్కలన్నీ సెట్టే ఊహించి నింపాలి. బాగా నింపే సెట్టుకూ నింపలేనిదానికీ తేడా చిలకల వీడియోలో తెలియదు. మీరు రోజూ చూసే చానలే పెట్టించుకుని చూడండి.

ఇంకోటి, పెట్టె మీద రాయనిది. వెనక దీపం వెలిగే ఎల్‌సీడీ తెరల్లో ముఖ్యంగా వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలున్నాయి. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే రంగు వెలుస్తుంది. ఐపీఎస్‌లో నలుపు బూడిదలా ఉంటుంది కానీ పక్కనుంచీ రంగు నిలుస్తుంది. గోడవారన దివాను మీద అమ్మమ్మ, కింద చాప మీద పిల్లలు కూర్చునే ఇల్లయితే దుకాణంలో సెట్టుకు ఎదురుగా కాక పక్కకు వెళ్లి నిలబడి చూడండి.

ఓఎల్ఈడీ అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. నలుపంటే అదే నలుపు, నాకూ ముచ్చటే. అయితే మన వార్తా చానళ్లను చూడండి: మూలన గుర్తు, కింద రెండు పట్టీలు, పక్కన ప్రకటన, ఏదీ కదలదు. పొద్దున్నుంచి రాత్రిదాకా అవే నడిస్తే కొన్నేళ్లకు ఆ గుర్తు తెర మీద మచ్చగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. క్యూఎల్ఈడీ అన్నది ఇంకో సంగతి. ఒక్క అక్షరమే తేడా అయినా అది వెనక దీపం పెట్టిన ఎల్‌సీడీ రకమే.

హెర్ట్‌జ్‌ల సంగతి, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది, రెండు ముక్కల్లో చెబుతాను. ఇంట్లో వీడియో గేములు ఆడే మనవడు ఉంటే 120 తీసుకోండి, లేకపోతే 60 చాలు.

మన వయసువాళ్లకు బొమ్మ కంటే మాట ముఖ్యం. సెట్టు పలచనయ్యేకొద్దీ స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగాయి. సంగీతం హోరుమంటుంది, సంభాషణ వినపడదు. 65కి పెట్టే డబ్బులో 55 కొని, మిగిలినదానితో టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు, అదే సౌండ్‌బార్, తీసుకోవడం నా లెక్కలో మేలు. ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందో లేదో చూసుకోండి, టీవీ శబ్దాన్ని బయటికి పంపేది అదే, సౌండ్‌బార్ హెచ్‌డీఎంఐ తీగ అందులోకే వెళ్లాలి.

స్టెబిలైజర్ అంటగడితే ముందు సెట్టు వెనక చీటీ చదవండి. 100 నుంచి 240 వోల్టులని ఉంటే చాలావరకు అక్కర్లేదు. మేలో గాలివాన వచ్చినప్పుడు ప్లగ్గు తీస్తారు, డిష్ తీగ మాత్రం వదిలేస్తారు. నా దగ్గరికి వచ్చే సెట్లలో పిడుగు ఆ తీగ వెంట దిగినవి తక్కువేమీ కాదు.

ఈ పెన్‌డ్రైవ్‌లో చీకటి సీను ఒకటి, ఎండలో క్రికెట్ ముక్క ఒకటి, మా ఆవిడ పోచంపల్లి చీర ఫోటో ఒకటి ఉన్నాయి. దుకాణంలో చిలకల వీడియో ఆపించి ఇది పెట్టించండి. ల్యాప్‌టాప్ తెచ్చాను, టీ తాగాక ఎవరికి కావాలన్నా కాపీ చేసిస్తాను.