44 ఓట్లు ఓడి, 5 ఓట్లు గెలిచిన రోజు

అందరికీ నమస్కారం. లింకన్ గురించి మాట్లాడతానని చెప్పగానే మీలో చాలామంది గెట్టీస్‌బర్గ్ ప్రసంగం గురించో, బానిసత్వ రద్దు గురించో అనుకుని వచ్చుంటారు. నేను ఇవాళ ఆయన అమెరికా సెనేటర్ పదవికి నిలబడి ఓడిపోయిన రోజు గురించి చెబుతాను. 1855 ఫిబ్రవరి 8, ఇల్లినాయ్ రాష్ట్ర చట్టసభ, స్ప్రింగ్‌ఫీల్డ్.

అరోరాలో మా ఇంటి నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ మూడు గంటల డ్రైవ్. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్తుంటాను. లింకన్ ఇల్లు, సమాధి చూసేసరికి అందరికీ ఆకలేస్తుంది. పాత చట్టసభ భవనం దాకా నాతో వచ్చేవాళ్లు తక్కువ. పసుపు ఛాయ రాతి భవనం. 1960లలో రాళ్లకు నంబర్లు వేసి విప్పేసి, మళ్లీ అదే చోట పేర్చి కట్టారు. పై అంతస్తులో ప్రతినిధుల హాలు ఉంది. వరసగా బల్లలు, సిరాబుడ్లు, పైన గ్యాలరీ. ఆ గ్యాలరీ కింద నిలబడితే పెద్ద హాలేమీ కాదనిపిస్తుంది. ఇటు మూలన గుసగుసలాడితే అటు మూలకు తెలిసిపోయేంత.

ముందు ఒక్క సంగతి చెప్పాలి. అప్పట్లో అమెరికా సెనేటర్లను జనం ఎన్నుకునేవారు కాదు. మన రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకున్నట్టే, రాష్ట్ర చట్టసభలో ఉభయ సభల సభ్యులూ ఒకచోట కూర్చుని ఎన్నుకునేవారు. ఇల్లినాయ్‌లో దిగువ సభకు 75 మంది, పై సభకు 25 మంది, మొత్తం వంద. క్లర్కు పేరు పిలుస్తాడు, సభ్యుడు తన అభ్యర్థి పేరు పైకి చెబుతాడు. రహస్య బ్యాలెట్ లేదు. పోలైన ఓట్లలో సగానికి మించి రావాలి. రాకపోతే మళ్లీ మొదటి నుంచి పిలుస్తారు. ఎన్ని రౌండ్లయినా సరే.

ఇక ఆ ఏడాది గొడవేంటంటే, 1854 మే నెలలో కాన్సస్-నెబ్రాస్కా చట్టం వచ్చింది. 1820 నాటి ఒప్పందం ప్రకారం బానిసత్వం అడుగుపెట్టకూడని ప్రాంతాల్లో, అక్కడి జనం ఇష్టపడితే పెట్టుకోవచ్చన్నారు. ఆ బిల్లు తెచ్చినవాడు ఇల్లినాయ్ సెనేటరే, స్టీఫెన్ డగ్లస్. దాంతో ఆయన డెమొక్రటిక్ పార్టీ సొంత రాష్ట్రంలోనే చీలింది. రెండో సెనేటర్ జేమ్స్ షీల్డ్స్ పదవీకాలం అప్పుడే ముగియబోతోంది. ఈ షీల్డ్స్ 1842లో లింకన్‌ను ద్వంద్వయుద్ధానికి పిలిచిన మనిషి. ఆయుధం ఎంచుకునే హక్కు లింకన్‌ది కాబట్టి పెద్ద కత్తులు అడిగాడు. ఆయన చేతులు ఎంత పొడుగో మీకు తెలుసు! మిసిసిపీ నది లంక దాకా వెళ్లి, మధ్యవర్తుల పుణ్యమా అని రాజీపడి తిరిగొచ్చారు.

1854 నవంబరులో లింకన్, డెమొక్రాట్లకు పాత ప్రత్యర్థి అయిన విగ్ పార్టీ తరఫున శాంగమన్ కౌంటీ నుంచి రాష్ట్ర దిగువ సభకు గెలిచాడు. గెలిచాక లెక్క చూసుకుంటే, నెబ్రాస్కా చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లదే చట్టసభలో పైచేయి. సెనేటర్ పదవి మీద మనసు పడింది. అయితే రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం సభలో ఉన్నవాళ్లను ఆ సభే సెనేటర్‌గా ఎన్నుకోకూడదు. ప్రమాణం కూడా చేయకుండానే సీటు వదిలేశాడు. ఖాళీ అయిన సీటుకు డిసెంబరులో ఉపఎన్నిక పెట్టారు. విగ్గులు 'మన కోటే కదా' అని ధీమాగా ఇంట్లో కూర్చున్నారు. ఆ సీటు డెమొక్రాట్లు ఎగరేసుకుపోయారు. ఆ ఒక్క ఓటూ ఉంటే లింకన్ గెలిచేవాడని కొందరంటారు. నాకైతే నమ్మకం లేదు. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

లింకన్ ఊరికే కూర్చోలేదు. సభ్యులందరి పేర్లూ, ఎవరిది ఏ పార్టీ, నెబ్రాస్కా మీద ఎవరెటు అన్నదీ తన చేత్తో జాబితా రాసుకున్నాడు. తెలిసినవాళ్లందరికీ ఉత్తరాలు రాశాడు. జనవరిలో పెద్ద మంచు తుఫాను వచ్చి రైళ్లు ఆగిపోయాయి, సభకు కోరం లేదు, ఎన్నిక వాయిదా పడింది. అభ్యర్థులకు ఆ రోజులు ఎంత టెన్షనో ఊహించుకోండి.

చివరికి ఫిబ్రవరి 8. గ్యాలరీలో లింకన్ భార్య మేరీ కూర్చుంది. మొదటి రౌండు లెక్క, లింకన్ మర్నాడు తన మిత్రుడు వాష్‌బర్న్‌కు రాసిన ఉత్తరం ప్రకారం, ఇదీ: లింకన్ 44, షీల్డ్స్ 41, లైమన్ ట్రంబుల్ 5.

కథంతా ఆ ఐదుగురిదే. నార్మన్ జడ్, జాన్ పామర్, బర్టన్ కుక్, ఇంకో ఇద్దరు. అందరూ డెమొక్రాట్లే, కానీ డగ్లస్ చట్టానికి వ్యతిరేకులు. ట్రంబుల్ కూడా అంతే. లింకన్ అంటే వాళ్లకు పగేం లేదు. చట్టం విషయంలో ఆయన మాటా వాళ్ల మాటా ఒకటే. కానీ విగ్గుకు ఓటేసి ఊళ్లో మొహం ఎలా చూపించాలి? కాబట్టి రౌండు మీద రౌండు ట్రంబుల్ అనే చెబుతూ పోయారు. లింకన్‌కు రెండో రౌండులో ముగ్గురు కొత్తవాళ్లు కలిశారు, పాతవాళ్లు నలుగురు జారిపోయారు. 44 మంది కదిలితే ఫలితం మారొచ్చు, ఐదుగురు కదలకపోయినా ఫలితం మారుతుంది. మన క్యాంపు రాజకీయాలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏడో రౌండులో డెమొక్రాట్లు దాచుకున్న ముక్క దింపారు. షీల్డ్స్‌ను వదిలేసి గవర్నర్ జోయెల్ మాటెసన్‌కు ఓట్లు మళ్లించారు. మాటెసన్ నెబ్రాస్కా గురించి అటూ ఇటూ తేల్చి చెప్పకుండా నెట్టుకొచ్చిన మనిషి, చేతిలో డబ్బుంది, కాలువ కాంట్రాక్టుల నాటి పరిచయాలున్నాయి. తొమ్మిదో రౌండుకు మాటెసన్ 47, ట్రంబుల్ 35, లింకన్ 15. ఇంకో మూడు నాలుగు ఓట్లు జారితే మాటెసన్ సెనేటర్.

లింకన్ తనవాళ్లకు చెప్పేశాడు, ట్రంబుల్‌కు వేయండి అని. ఆయన పాత లా పార్టనర్ స్టీఫెన్ లోగన్ ఇంకో రౌండు చూద్దామన్నాడు, ఒప్పుకోలేదు. పదో రౌండులో ట్రంబుల్‌కు 51. ఐదు ఓట్లతో మొదలైనవాడు గెలిచాడు.

దీన్ని త్యాగమని రాసేవాళ్లున్నారు. నాకది లెక్కలాగే కనిపిస్తుంది. 15 ఓట్లు పట్టుకుని కూర్చుంటే అవీ జారిపోయేవి, గెలిచేవాడు మాటెసన్. వాష్‌బర్న్‌కు రాసిన ఉత్తరంలో లింకన్ తన ఓటమి బాధకంటే మాటెసన్ ఓడిన సంతోషమే ఎక్కువన్నాడు. అది నిజమే అనుకుంటాను, పూర్తిగా కాకపోయినా. మేరీ మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేదు. ట్రంబుల్ భార్య జూలియా ఆమెకు ప్రాణస్నేహితురాలు, పెళ్లిలో తోడుపెళ్లికూతురు. ఆ రోజు తర్వాత ఆ స్నేహం చెడిపోయింది. ఆ సాయంత్రం లింకన్ గెలుస్తాడనుకుని ఆయన తోడల్లుడు నినియన్ ఎడ్వర్డ్స్ ఇంట్లో విందు ఏర్పాటు చేశారు. లింకన్ ఆ విందుకే వెళ్లి ట్రంబుల్‌కు చెయ్యి కలిపి అభినందించాడు.

1858లో లింకన్ మళ్లీ సెనేటర్ పదవికి, ఈసారి డగ్లస్ సీటుకే, పోటీపడ్డాడు. డగ్లస్‌తో ఏడు బహిరంగ చర్చలు జరిగాయి. వేలమంది ఎండలో నిలబడి విన్నారు, కానీ వాళ్లలో ఒక్కరూ ఆ ఇద్దరిలో ఎవరికీ ఓటు వేయలేదు. వేసింది స్థానిక సభ్యులకే. 1859 జనవరిలో అదే హాల్లో డగ్లస్ 54, లింకన్ 46. జనం చేతికి సెనేటర్ ఓటు వచ్చేసరికి 1913 అయింది.

ఆ ఐదుగురి సంగతి అడుగుతారేమో. అప్పటికి లింకన్, జడ్ ఇద్దరూ కొత్తగా వచ్చిన రిపబ్లికన్ పార్టీలో ఉన్నారు. 1860లో ఆ పార్టీ షికాగో సమావేశంలో అధ్యక్ష పదవికి లింకన్ పేరు ప్రతిపాదించింది నార్మన్ జడ్డే. ఇక జాన్ పామర్. రిపబ్లికన్‌గా గవర్నర్ పదవి చేసి, మళ్లీ డెమొక్రాట్‌గా మారి, 1891లో తనే సెనేటర్ పదవికి నిలబడ్డాడు. సభలో డెమొక్రాట్లు 101, రిపబ్లికన్లు 100, రైతు సంఘం వాళ్లు ముగ్గురు. గెలవడానికి 103 కావాలి. ఆ ముగ్గురూ బిగుసుకుపోయారు, ఒకప్పటి ఆ ఐదుగురిలాగే. పేర్లు పిలవడం వారాల తరబడి సాగింది. పామర్ గెలిచింది 154వ రౌండులో.