నికెల్ ప్రోటీన్ కాదు కదా, మరి టి-కణం ఎలా పట్టేసింది?

యాంకర్: లైన్లో ఉన్నారమ్మా, చెప్పండి. టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నానండి. వాచ్ బకిల్ తగిలేచోట దురద, చిన్న చిన్న నీటి పొక్కులు వస్తున్నాయి. నికెల్ అలర్జీ, టి-కణాల పని, అంటే రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాల పని అన్నారు. మా పుస్తకంలోనేమో టి-కణాలు ప్రోటీన్ ముక్కల్నే గుర్తిస్తాయని ఉంది. నికెల్ లోహం కదండీ?

డాక్టర్: వాచ్ పెట్టుకోగానే వచ్చిందా?

కాలర్: లేదండీ, మర్నాటికి.

డాక్టర్: టి-కణాల అలర్జీ అలాగే నిదానంగా వస్తుందమ్మా. యాంటీబాడీ, అంటే రక్తంలో తిరిగే రక్షక ప్రోటీన్, అయితే దేన్నైనా ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. టి-కణం అలా కాదు, ఇంకో కణం పళ్లెంలో పెట్టి చూపిస్తేనే చూస్తుంది. ఆ పళ్లెమే ఎంహెచ్‌సీ, మనుషుల్లో హెచ్‌ఎల్‌ఏ అంటాం. 1974లో జింకర్‌నాగెల్, డోహర్టీ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూసిందిదే: ఒక జాతి ఎలుక టి-కణాలు, అదే వైరస్ సోకినా సరే, వేరే జాతి ఎలుక కణాల్ని ముట్టుకోలేదు, ఎందుకంటే పళ్లెం వేరు. దానికే 1996లో నోబెల్ వచ్చింది. ఈ పళ్లేలు ముఖ్యంగా రెండు రకాలు. క్లాస్ 1 మీద సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ప్రోటీన్ ముక్క ఉంటుంది, దాన్ని సీడీ8 అనే రకం టి-కణాలు చూస్తాయి. క్లాస్ 2లో ముక్క కూర్చునే గాడి రెండు చివరలా తెరిచి ఉంటుంది కాబట్టి ఇంకా పొడుగు ముక్కలు పడతాయి, అవి సీడీ4 అనే ఇంకో రకం టి-కణాల కోసం.

కాలర్: అది చదివానండి, నికెల్ సంగతే...

డాక్టర్: వస్తున్నా. చెమటకి బకిల్ నుంచి నికెల్ అయాన్లు ఊడి, చర్మంలోని మన ప్రోటీన్లకే అంటుకుంటాయి. పళ్లెం, ముక్క రెండూ మనవే, కానీ వాటి రూపు మారింది. దాంతో టి-కణం పరాయిదనుకుంటుంది. పెన్సిలిన్ కూడా ప్రోటీన్‌కి అతుక్కునే ఈ గొడవ చేస్తుంది. హెచ్‌ఐవీ మందు అబాకవిర్ ఇంకా విచిత్రం, హెచ్‌ఎల్‌ఏ-బి*57:01 అనే రకం పళ్లెం గాడిలోపలే కూర్చుని అసలు ఏ ముక్కలు పట్టాలో మార్చేస్తుంది, అందుకే ఆ మందు మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష చేస్తారు.

యాంకర్: అంటే పుస్తకం తప్పా డాక్టర్ గారూ?

డాక్టర్: తప్పు కాదు, సగమే చెప్పింది. సీడీ1 అనే పళ్లెం టీబీ క్రిమి కొవ్వుల్ని చూపిస్తుంది. ఎంఆర్1 అయితే, బ్యాక్టీరియా బి2 విటమిన్ తయారుచేసుకునేటప్పుడు పుట్టే చిన్న అణువుల్ని చూపిస్తుంది. మన ఒంట్లో బి2 తయారు కాదు కాబట్టి అవి కనిపిస్తే సూక్ష్మజీవి వచ్చినట్టే. నాకు చాలా ఇష్టమైన ఏర్పాటిది. గామా-డెల్టా అనే మరో రకం టి-కణాల్లో చాలావాటికి అసలు ఎంహెచ్‌సీ గొడవే లేదు, అది ఇప్పుడు మొదలుపెడితే టైం సరిపోదు.

కాలర్: మరి నేనేం చేయాలండి?

డాక్టర్: ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద అతికించి 48 గంటలకి తీస్తారు, ఆ తర్వాత ఒకట్రెండు రోజులకి మళ్లీ చూస్తారు. సూదితో గుచ్చే ప్రిక్ టెస్ట్ దీనికి పనికిరాదు.

కాలర్: బకిల్‌కి నెయిల్ పాలిష్ రాస్తే చాలంటున్నారు?

డాక్టర్: పొర లేచిందాకా పనిచేస్తుంది, తర్వాత మళ్లీ మొదలు. బకిలే మార్చేయండమ్మా, ప్లాస్టిక్‌దో టైటానియందో.