సంచిలో ఒక ఆకు

(హనుమకొండలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వచ్చే నెల మీలో నలభై మంది దాకా హైదరాబాద్‌లో ఒక పెద్ద టెక్నాలజీ కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నారని మీ మేడమ్ ఫోన్‌లో చెప్పారు. చాలామందికి ఇదే మొదటిసారట. ఎవరూ తెలియని చోట, వేల మంది మధ్య నిలబడాలంటే టెన్షన్ ఉంటుంది. నాకూ ఉండేది. అందుకే పిలవగానే వచ్చాను.

ముందు మా నాన్న ముచ్చట చెప్తాను. మాది పరకాల దగ్గర ఒక పల్లె. రెండెకరాల్లో మిర్చి వేసేవాళ్ళం. ఒక ఏడాది ఆకులన్నీ ముడుచుకుపోయాయి. ఆ వారమే వరంగల్‌లో, ములుగు రోడ్డు మీదున్న వ్యవసాయ పరిశోధన స్థానంలో రైతుల మేళా జరుగుతోందని తెలిసింది. నాన్న పొద్దున్నే చేనుకు పోయి తెగులు పట్టిన కొమ్మ ఒకటి, బాగున్న కొమ్మ ఒకటి తెంపి, తడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. నన్ను కూడా తీసుకుపోయాడు. అక్కడ స్టాళ్ళు, మైకులు, కరపత్రాలు, వందల మంది జనం. నాన్న దేని ముందూ ఆగలేదు. "మిర్చి చూసే సారు ఎవరండీ?" అని ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఆయన దగ్గరికి పోయి సంచి విప్పాడు. సారు ఆకును వెలుతురులో తిప్పి చూసి, అంచులు పైకి లేచాయి కాబట్టి ఇది తామర పురుగు పని అన్నారు. కిందికి ముడుచుకుంటే నల్లి అనే ఇంకో పురుగు పని అట. రెండింటికీ మందు వేరు. నాన్న ఉత్త చేతులతో పోయి "మిర్చికి ఆకుముడత వచ్చింది సార్" అని మాత్రమే చెప్పి ఉంటే, ఆ సారు ఎంత తెలిసినవారైనా ఏం చెప్పగలరు?

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ సంచి గురించే. కాన్ఫరెన్స్‌కు పోయేటప్పుడు మీ ఆకు మీ వెంట ఉండాలి. అంటే మీరు నిజంగా చేస్తున్న పనిలో, నిజంగా ఆగిపోయిన ఒక చోటు.

నా మొదటి కాన్ఫరెన్స్‌కు నేను ఉత్త చేతులతోనే వెళ్ళాను. బెంగళూరులో రెండు రోజులు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక్క ప్రసంగం వదలకుండా విన్నాను, నోటుపుస్తకం నింపాను. ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆ ప్రసంగాలన్నీ యూట్యూబ్‌లో పెట్టారు. ఇంట్లో కూర్చుని చూడగలిగిన దానికోసం రెండు రాత్రుల ప్రయాణం, ఒక నెల ఖర్చు పెట్టానని అప్పుడు అర్థమై చాలా బాధపడ్డాను.

రెండోసారి వెళ్ళేటప్పుడు నా దగ్గర ఒక ఆకు ఉంది. మా ఊరి పాలకేంద్రం కోసం చిన్న ప్రోగ్రామ్ రాశాను. రైతుల పేర్లు తెలుగులోనే ఉంటాయి, పేరు కొడితే లెక్క రావాలి. కొందరివి వచ్చేవి, కొందరివి వచ్చేవి కావు. ఒక శ్రీనివాస్ దొరుకుతాడు, ఇంకో శ్రీనివాస్ పేరు జాబితాలో కళ్ళెదుట కనిపిస్తూనే ఉంటుంది, వెతికితే దొరకదు. మూడు వారాలు కొట్టుకున్నాను. దొరికిన శ్రీనివాస్, దొరకని శ్రీనివాస్, నా కోడ్‌లో వెతికే ఆ ఆరు లైన్లు ఒక ఏ-ఫోర్ కాగితం మీద ప్రింట్ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాను.

టీ విరామంలో పక్కన నిలబడ్డ ఆవిడకు ఆ కాగితం చూపించాను. కొచ్చి నుంచి వచ్చారు, భాషల మీద పనిచేస్తారట. కప్పు పక్కన పెట్టి కాగితం తీసుకున్నారు. "రెండు పేర్ల పొడవు కొలిచి చూశావా?" అన్నారు. లాప్‌టాప్ తీసి కొలిచాను. ఒకటి 10, ఇంకొకటి 11. కంటికి తేడా లేదు, కంప్యూటర్‌కు మాత్రం ఉంది. రెండో దాని చివర కంటికి కనిపించని అక్షరం ఒకటి కూర్చుని ఉంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. శ్రీనివాస్ తర్వాత 'కు' చేర్చినప్పుడు అది సకారం కింద ఒత్తుగా పడకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి. పేర్లు ఇద్దరు ఎక్కించారు, ఇద్దరివీ వేర్వేరు కీబోర్డులు. అంతే సంగతి. మలయాళంలో చిల్లక్షరాల దగ్గర, అంటే అచ్చు లేని పొల్లు హల్లుల దగ్గర, తాము కూడా ఇలాంటి పాట్లే పడ్డామని ఆవిడ చెప్పారు. టీ చల్లారేలోపు మూడు వారాల ముడి విడిపోయింది. ఆవిడతో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాను.

చూడండి, నేను "తెలుగు సెర్చ్ పనిచేయట్లేదు" అని అడిగి ఉంటే ఆవిడ మర్యాదగా నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయేవారు. కాగితం ఉంది కాబట్టి ఆగారు. బాగున్న కొమ్మ, తెగులు కొమ్మ రెండూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి తేడా పట్టుకోగలిగారు.

మరి ఆకు చూపించడానికి సరైన సారు ఎవరు? అది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. వారం ముందే షెడ్యూల్ వస్తుంది. ఒకే సమయంలో మూడు నాలుగు హాళ్ళలో ప్రసంగాలు ఉంటాయి, అన్నీ వినలేరు, వినక్కర్లేదు. రోజుకు మూడు ఎంచుకోండి. పాత ప్రసంగాలు చూసి మాట్లాడేవాళ్ళను పోల్చుకోండి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ళ సభ పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై, 2018లో, మళ్ళీ 2023లో హైదరాబాద్‌కు వచ్చింది. అలాంటి సభల వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. మీ కోడ్‌లో మీరు వాడుతున్న లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, రాసినవాళ్ళు వస్తున్నారేమో చూడండి. ప్రసంగం అయ్యాక వాళ్ళు స్టేజీ పక్కన పది నిమిషాలు నిలబడతారు. ఆ పది నిమిషాల కోసం తర్వాతి ప్రసంగం వదులుకున్నా నష్టం లేదు.

మైకు పట్టుకుని అడగాలనుకుంటే, లేచే ముందే ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకోండి. పేరు, ఊరు, ప్రశ్న. అంతకన్నా వద్దు.

ఇంగ్లీషు గురించి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. కొచ్చి ఆవిడతో నేను మాట్లాడిన ఇంగ్లీషు తప్పుల తడక. ఆవిడ తప్పులు లెక్కపెట్టలేదు, కాగితం చూశారు. మొదటి రెండు వాక్యాలు రాసుకుని, హాస్టల్‌లో గట్టిగా పదిసార్లు చెప్పుకోండి. మూడో వాక్యం నుంచి మీ కోడే మాట్లాడుతుంది. పైగా జరిగేది హైదరాబాద్‌లో. "తెలుగులో అడగొచ్చా అండీ?" అంటే ముఖం వికసించేవాళ్ళు అక్కడ బోలెడంత మంది ఉంటారు.

ఇంకో మాట, కొంచెం గట్టిగా చెప్తాను. నలభై మంది గుంపుగా తిరగకండి. మేడారం జాతరకు పోయినప్పుడు ఏం చేస్తాం? తప్పిపోతే ఏ చెట్టు కిందికి రావాలో బండి దిగగానే అనుకుంటాం, తర్వాత ఎవరి మొక్కు వాళ్ళది. ఇక్కడా అంతే. మధ్యాహ్నం భోజనం దగ్గర ఫలానా స్తంభం పక్కన కలుద్దామని చెప్పుకుని, పొద్దున విడిపోండి. ఇద్దరిద్దరుగా అయితే పర్వాలేదు. పదిమంది ఒక చోట నిలబడి మీలో మీరే మాట్లాడుకుంటే, కొత్తవాళ్ళెవరూ దగ్గరికి రాలేరు.

నలుగురు నిలబడి మాట్లాడుకునేటప్పుడు వలయం పూర్తిగా మూసేయకుండా, ఇంకొకరు వచ్చి చేరేంత సందు ఉంచాలని ఎరిక్ హోల్షర్ అనే ఆయన ఒక పద్ధతి చెప్పాడు. పాత వీడియో గేమ్‌లోని నోరు తెరిచిన ప్యాక్‌మ్యాన్ బొమ్మలా ఉంటుందని దానికి ప్యాక్‌మ్యాన్ రూల్ అని పేరు. మీరు బయట నిలబడి ఉంటే ఆ సందు వెతుక్కోండి. లోపల ఉంటే పక్కకు జరగండి, ముఖ్యంగా ఒంటరిగా కనిపించే అమ్మాయి కోసం. ఎవరైనా ఇబ్బంది పెడితే భరించి ఊరుకోవద్దు. ప్రవర్తనా నియమాలకు బాధ్యులెవరో కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లో సాధారణంగా రాస్తారు. ఆ నంబర్ ముందే ఫోన్‌లో వేసుకోండి.

కంపెనీల స్టాళ్ళ దగ్గర టీషర్టులు, స్టిక్కర్లు ఇస్తారు, తీసుకోండి, తప్పులేదు. కానీ మీ బ్యాడ్జీ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే, మీరు రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోన్, మెయిల్ వాళ్ళ చేతికి పోవచ్చు. ఎందుకని అడిగి మరీ చేయించుకోండి. స్టాల్‌లో కోడ్ రాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఉంటే వాళ్ళతోనే మాట్లాడండి.

ప్రయాణం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే బయటే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్. బస్సులో పోయేవాళ్ళు ఉప్పల్‌లో దిగండి. రెండూ బ్లూ లైన్ మీదే ఉన్నాయి, హైటెక్ సిటీ వైపు పోవాలన్నా మెట్రో మారే పని లేదు. మొదటి రోజు పొద్దున బ్యాడ్జీల దగ్గర పెద్ద క్యూ ఉంటుంది, ముందు సాయంత్రమే ఇస్తుంటే తెచ్చుకోండి. నడిచి అలవాటైన పాత చెప్పులు, నీళ్ళ సీసా, పవర్ బ్యాంక్ మర్చిపోకండి.

వైఫైని మాత్రం నమ్ముకోకండి. పాత 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు, అంటే సిగ్నల్ పోయే దారులు, మూడే: 1, 6, 11. ఒక ఛానెల్‌లో ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడాలి, మిగతావి ఆగాలి. హాల్లో వేల ఫోన్లు. కొత్త బ్యాండ్‌లతో కొంత నయమే గానీ, మీ కోడ్, డేటా, షెడ్యూల్, టికెట్ అన్నీ ఇంటి దగ్గరే ఫోన్‌లో, లాప్‌టాప్‌లో దించుకోండి. వర్క్‌షాప్‌లో కూర్చున్నాక డౌన్‌లోడ్ మొదలుపెట్టినవాళ్ళకు సగం సమయం అక్కడే పోతుంది.

డబ్బు లేక ఆగినవాళ్ళు కూడా ఈ హాల్లో ఉన్నారని తెలుసు. చాలా కాన్ఫరెన్సులకు విద్యార్థి టికెట్ వేరే ఉంటుంది. కొన్ని ప్రయాణ ఖర్చులకు సాయం కూడా చేస్తాయి, కానీ దరఖాస్తు నెలల ముందే మూసేస్తారు. వాలంటీర్‌గా పోవడం ఇంకో దారి. కుర్చీలు సర్దుతూ, మైకు అందిస్తూ తిరిగినవాళ్ళకు వక్తలతో పరిచయం అందరికన్నా ముందు అవుతుంది. మొహమాటపడకుండా అడగండి. సాయం ఉన్నదే మీకోసం.

రాత్రి బసకు వచ్చాక, పడుకునే ముందు, ఆరోజు మాట్లాడినవాళ్ళ పేర్లు, ఏం మాట్లాడారో రాసుకోండి. పొద్దున్నకు సగం మర్చిపోతారు. రెండు మూడు రోజుల్లో వాళ్ళకు చిన్న మెసేజ్ పెట్టండి. "మీరు చెప్పినట్టు పొడవు కొలిచాను, 40 పేర్లు సరిచేశాను" అన్నట్టు, వాళ్ళ మాటతో మీరేం చేశారో రాయండి. నాన్న ఆ ఏడు కోత అయ్యాక ములుగు రోడ్డుకు మళ్ళీ వెళ్ళి, ఆ సారుకు ఎండు మిరపకాయలు చూపించి వచ్చాడు. ఆ తర్వాత నాన్న ఎప్పుడు పోయినా ఆయన పేరు పెట్టి పలకరించేవారు.

సరే, ఇప్పుడు వెనక వరుస నుంచి తెల్ల కాగితాలు వస్తున్నాయి. ఒక్కొక్కటి తీసుకోండి. ఒక పక్క మీరు చేస్తున్న పనిలో బాగా నడుస్తున్నది, ఇంకో పక్క ఆగిపోయినది రాయండి. "ఏఐ నేర్చుకోవాలి" అని రాస్తే వెనక్కి ఇస్తాను, అది ఆకు కాదు. ఏ లైన్ దగ్గర, ఏ ఎర్రర్‌తో, ఏం చేస్తే ఆగిందో రాయండి. ఐదింటి దాకా నేను ఇక్కడే ఉంటాను. ముందు బెంచీలో చివర కూర్చున్న చెల్లెమ్మతో మొదలుపెడదాం. ఏదీ, నీ కాగితం ఇలా ఇవ్వమ్మా.