ఇచ్చామా? మింగారా?

వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరసల్లో ఉన్న మెడికల్ ఆఫీసర్లకు, ప్రజారోగ్యంలో పీజీ (ఎంపీహెచ్) చదువుతున్న విద్యార్థులకు, వెనక కూర్చున్న ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన అరగంటలో సగం దానికే పోతుంది, మన్నించండి.

ఆహ్వానపత్రంలో నా అంశం 'ప్రజారోగ్య కార్యక్రమాల మూల్యాంకనం: ప్రణాళిక, అమలు' అని వేశారు. మనం రోజూ అనేది ఎవాల్యుయేషన్ అనే కాబట్టి నేనూ అదే అంటాను. దాని మీద స్లైడ్లు తయారు చేసుకుని వచ్చాను. ఇందాక టీ తాగుతుంటే ఒక అమ్మాయి దగ్గరకొచ్చి, 'మేడమ్, మా ఊళ్లో ఫైలేరియా మాత్రల కవరేజి 97 శాతం చూపించాం. ఎవాల్యుయేషన్‌లో తక్కువొస్తే మెమో ఇస్తారా?' అని అడిగింది. ఆ పిల్ల మొహంలో టెన్షన్ చూశాక నాకు స్లైడ్లు వేయబుద్ధి కావడం లేదు. అవి నిర్వాహకులకు ఇచ్చి వెళతాను, కావలసినవాళ్లు తీసుకోండి. ఆమె అడిగినదానికి మాత్రం మీ అందరి ముందూ జవాబు చెప్పాలి, ఎందుకంటే అలాంటి మెమో ఒకటి నా రిపోర్టు వల్లే వచ్చింది.

పదిహేనేళ్ల కిందటి మాట. నేను ఒక మెడికల్ కాలేజీలో ప్రజారోగ్యం బోధించే ఎస్‌పీఎం డిపార్ట్‌మెంటులో పనిచేస్తున్నాను. కోస్తాలో ఒక జిల్లాలో మాత్రల పంపిణీ అయిపోయింది, మీరు వెళ్లి చూసి రండి అన్నారు. నాలుగు క్లస్టర్లు, అంటే ఇళ్ల గుంపులు, ఒక్కోదానిలో 30 ఇళ్లు. కాగితం మీద కవరేజి 96.

విద్యార్థుల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళతాను. ఫైలేరియా అంటే బోదకాలు. అది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ వల్ల వస్తుంది. పెద్ద పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. దాని పిల్లలు మన దగ్గర రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి. అందుకే ఈ రక్తపరీక్ష రాత్రి ఎనిమిదిన్నర తర్వాత చేస్తారు. డీఈసీ మాత్ర ముఖ్యంగా ఆ పిల్లపురుగుల్ని చంపుతుంది. పెద్ద పురుగు మిగిలిపోతుంది కాబట్టి, ఊరంతా ఏటా, కనీసం ఐదేళ్లు, మింగాలి. మొత్తం జనాభాలో నూటికి 65 మందైనా మింగితేగాని ఒకరి నుంచి ఒకరికి వ్యాపించే గొలుసు తెగదు. మన దేశంలో 2004 నుంచి ఈ సామూహిక పంపిణీ పెద్ద ఎత్తున జరుగుతోంది. పెద్దవాళ్లకు డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. పరగడుపున మింగకూడదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి రోజు ఆరో ఇల్లో ఏడో ఇల్లో. చుట్టింట్లో ఒక మామ్మగారు చింతపండు గింజ తీస్తూ కూర్చున్నారు. రిజిస్టర్‌లో ఆ ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు, నలుగురికీ టిక్కులు. 'మాత్రలు ఇచ్చారా మామ్మా?' అంటే 'ఇచ్చారమ్మా, బంగారం లాంటి పిల్ల, ఇంటికొచ్చి మరీ ఇచ్చింది' అని లేచి లోపలికెళ్లారు. దేవుడి గూట్లోంచి ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. పాత కేలండర్ కాగితం, నాలుగు మడతలు. విప్పితే 16 మాత్రలు. పన్నెండు చిన్నవి, నాలుగు పెద్దవి. ఒక్కటీ తక్కువ కాలేదు.

'మింగలేదేం మామ్మా?'

'ఏడింటికి వచ్చి ఇచ్చింది. తిన్నాక మింగమంది. తిన్నాక చేలోకి పోవాలి గదా. నిరుడు మా కోడలు మింగితే రాత్రికి జొరం కాసింది, రెండ్రోజుల కూలి పోయింది. అందుకని భద్రంగా దాచానమ్మా, జబ్బొస్తే వేసుకుందామని.'

నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేముంది చెప్పండి. ఆ జ్వరం ఒంట్లో పురుగులు చస్తున్నందుకు వచ్చే జ్వరం కావచ్చునని, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుందని ఆ కోడలికి ఎవరూ చెప్పలేదు. రిజిస్టర్‌లో టిక్కు పెట్టిన అమ్మాయీ అబద్ధం రాయలేదు. ఆ గడి పైన ఉన్న మాట 'ఇచ్చినవి'. ఇచ్చింది, టిక్కు పెట్టింది. 'మింగినవి' అనే గడి ఆ రిజిస్టర్‌లో లేనే లేదు. 120 ఇళ్లూ తిరిగేసరికి మింగినవాళ్లు సగానికి కాస్త అటూ ఇటూగా తేలారు.

పిల్లలూ, కవరేజి, అంటే ఎంతమందికి ఇచ్చామన్నది వేరు, కంప్లయన్స్, అంటే ఎంతమంది మింగారన్నది వేరు అని మీరు పుస్తకంలో చదివి పరీక్షలో రాస్తారు. నాకది ఆ కేలండర్ కాగితంలో కనిపించింది.

ఆ నాలుగు క్లస్టర్లలో ఒకచోట ఒక ఆశా కార్యకర్త ఉండేది. అందరికీ ఉన్న రిజిస్టరే ఆమెకూ ఉంది, కానీ అంచున పెన్సిల్‌తో గీత కొట్టి సొంతంగా ఒక గడి చేసుకుంది. 'ఎదుట మింగారు', 'తర్వాత అన్నారు', 'వద్దన్నారు' అని ఇంటింటికీ రాసింది. ఎదుట మింగినవాళ్లనే లెక్కకట్టి పైకి పంపింది. అందువల్ల జిల్లాలో అందరికంటే తక్కువ అంకె ఆమెదే. మా లెక్కకు దాదాపు సరిగ్గా సరిపోయింది కూడా ఆమె లెక్కే. నేను సంబరపడి రిపోర్టులో ఆ ఊరి పేరు రాశాను. 'ఇక్కడ నమోదైన కవరేజి తక్కువ, సర్వేతో సరిపోలింది' అని ఇంగ్లిషులో ఒక వాక్యం.

సమీక్షలో ఆ వాక్యాన్ని కామా దగ్గర ఆపేసి చదివారు. ఆమెకు మెమో వెళ్లింది. 98 రాసినవాళ్లను ఒక్క మాట అడగలేదు. నాకు ఆరు నెలల తర్వాత తెలిసి ఆ ఊరు వెళ్లాను. ఆమె మంచినీళ్లిచ్చి, ఆ రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టి, 'నేను రాసింది నిజమేనా కాదా, మీరే చెప్పండి మేడమ్' అంది. నిజమే అన్నాను. 'మరి నాకెందుకొచ్చింది?' అంది. ఆ తర్వాతి ఏడాది ఆమె కూడా 98 రాసింది. ఆమెను నేను తప్పుపట్టలేను. ఇలాంటి ఎవాల్యుయేషన్ చేయడం కంటే చేయకపోవడమే మేలని నేను ఆ రోజునుంచీ అంటున్నాను, ఈ రోజూ అంటున్నాను.

ఇప్పుడు ప్రణాళిక సంగతి. అమెరికాలో సీడీసీ అనే ప్రజారోగ్య సంస్థ 1999లో ఒక పద్ధతి రాసింది, ఆరు మెట్లు. కార్యక్రమంతో సంబంధం ఉన్నవాళ్లందరినీ కలుపుకోవడం, కార్యక్రమం ఏమిటో వివరంగా రాసుకోవడం, దేన్ని ఎలా కొలవాలో తేల్చుకోవడం, నమ్మదగ్గ ఆధారాలు సేకరించడం, వాటి మీద నిలిచే నిర్ణయానికి రావడం, ఆ ఫలితాన్ని వాడుకునేలా చూసి నలుగురికీ చెప్పడం. నేను ఆ రోజు మధ్యలోని నాలుగు మెట్లూ శ్రద్ధగా ఎక్కాను. శాంపిలింగ్‌లో వంక పెట్టలేరు. మొదటిదీ చివరిదీ వదిలేశాను. ఆశా కార్యకర్తలతో ముందు కూర్చుని ఉంటే ఆ పెన్సిల్ గడి మొదటి రోజే నా ప్రశ్నాపత్రంలోకి వచ్చేది. రిపోర్టు ఎవరు ఎలా చదువుతారో ముందే ఆలోచించి ఉంటే ఆ వాక్యం అలా రాసేదాన్నే కాదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర చాలాసార్లు ఎవాల్యుయేషన్ మార్చి నెలలో పుడుతుంది. నిధులు మిగిలాయి, 31 లోపు ఖర్చు చేయాలి, ఒక టీమును పంపండి అంటారు. మాత్ర ఇచ్చిన నాలుగు నెలలకు వెళ్లి 'మింగారా?' అంటే ఎవరికి గుర్తుంటుంది? పంపిణీకి తేదీ వేసిన రోజే ఎవాల్యుయేషన్‌కూ తేదీ వేయాలి, డబ్బు పక్కన పెట్టాలి.

ఇళ్లు ఎంచుకోవడం గురించి ఒక్కమాట. టీకాల సర్వేకి 30 క్లస్టర్లు, ఒక్కోదానిలో ఏడుగురు పిల్లలు, మొత్తం 210 అని పాత పద్ధతి ఉంది. ఊరి నడిబొడ్డున పెన్ను తిప్పి, అది ఎటు చూపిస్తే అటు వెళ్లేవాళ్లం. పెన్ను ఎటు చూపించినా, వెంట వచ్చిన పెద్దమనిషి మాత్రం 'ఇటు రండి మేడమ్, అటు బురద' అని సిమెంటు రోడ్డు వైపే తీసుకెళ్లేవాడు. ఊరి చివర పేటలో, ఇటుక బట్టీల దగ్గర ఉన్నవాళ్లు మన లెక్కలో పడేది అరుదు. మురుగునీరు ఆగేదీ, దోమ పెరిగేదీ ఎక్కువగా అక్కడే. బురదలోకి వెళ్లండి తల్లీ. మీకు చెప్పేది అంతే. మాత్ర మింగాల్సిన అర్హుల సంఖ్యతోనూ ఇదే చిక్కు, పాత జనాభా లెక్క పట్టుకుని భాగిస్తే 104 శాతం వస్తుంది. నూటికి నూటనాలుగు మంది మింగినట్టు చూపించే కాగితాల మీద సంతకాలు పడటం నేను చూశాను.

ఇదంతా చేతకాని పనేం కాదు, మనం చేసి చూపించిందే. పల్స్ పోలియో గుర్తుందిగా. ఇంటి గోడ మీద సుద్దతో 'పి' అని, 'ఎక్స్' అని రాసేవాళ్లం. పి అంటే ఆ ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడ్డాయని. ఎక్స్ అంటే బిడ్డ దొరకలేదు, ఇల్లు తాళం వేసి ఉంది, లేదా వద్దన్నారు, మళ్లీ రావాలి అని. ఎక్స్ రాసినందుకు మెమో ఇస్తే ఎవరు రాస్తారు? ఆ ఎక్స్ పట్టుకునే మర్నాడు టీము మళ్లీ వెళ్లేది. 'చేయలేకపోయాం' అని గోడ మీద రాసుకునే వీలుంది కాబట్టే ఆ కార్యక్రమం ఎక్కడ తప్పిందో దానికి ఎప్పటికప్పుడు తెలిసింది. 2011 జనవరి 13న హౌరాలో బయటపడిన కేసు తర్వాత దేశంలో వైల్డ్ పోలియో, అంటే సహజంగా వ్యాపించే పోలియో, లేదు. 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. ఫైలేరియా రిజిస్టర్‌లో ఆమె పెన్సిల్‌తో గీసుకున్నది అలాంటి ఎక్స్ గడినే.

నేను ఎన్ని పుస్తకాలు చెప్పినా చివరికి ఫైలేరియా లెక్క తేలేది ఆరేడేళ్ల పిల్లల దగ్గర. మాత్రలు నడుస్తున్న ఏళ్లలో పుట్టిన ఆ పిల్లల రక్తంలో కూడా యాంటిజెన్, అంటే ఒంట్లో పురుగు ఉందని చెప్పే ఆనవాలు, దొరికితే, గొలుసు ఇంకా తెగలేదనే. మనం రిజిస్టర్‌లో ఏం రాసినా ఆ రక్తపు చుక్కలో మారదు.

టీ దగ్గర నన్నడిగిన అమ్మాయీ, ఎక్కడ కూర్చున్నావమ్మా? ఈ హాల్లో ఉన్న అధికారుల్ని నేను చేతులు జోడించి అడుగుతున్నాను. ఎవాల్యుయేషన్‌లో తేలిన అంకె మీద కింది ఉద్యోగికి మెమో ఇవ్వబోమని ఈ రెండు రోజుల శిబిరం మినిట్స్‌లో రాయించండి. రాసేదాకా నేను ఇక్కడే ఉంటాను, నాకు సాయంత్రం బస్సు ఆరున్నరకి.

మధ్యాహ్నం గ్రూప్ వర్క్ ఉంది. మీరు బల్లలు ప్రొఫెసర్లకు, విద్యార్థులకు వేశారు. ఆశా కార్యకర్తలకు వెనక కుర్చీలు వేశారు. దయచేసి అందరూ లేవండి. ఒక్కో బల్ల దగ్గర కనీసం ఇద్దరు ఆశా కార్యకర్తలు కూర్చోవాలి. ప్రశ్నాపత్రం, పెన్సిలు ముందు వాళ్ల చేతికివ్వండి. వాళ్లు ఏ గడి గీస్తారో చూసి, తర్వాత మీరు మొదలుపెట్టండి.