మత్తు ట్రేలో ట్రానెక్సాకు చోటు లేదు

(ప్రపంచ అనస్థీషియా దినోత్సవం సందర్భంగా శ్రీకాకుళంలో ఆపరేషన్ థియేటర్ (ఓటీ) సిబ్బంది ఎదుట చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, మత్తు డాక్టర్లకు, టెక్నీషియన్లకు, నైట్ డ్యూటీ దిగి నిద్ర మానుకొని వచ్చిన సిస్టర్లకు నమస్కారం. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో మోర్టన్ ఈథర్‌తో మత్తు ఇచ్చి చూపించిన కథ ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారికి వదిలేద్దాం.

నాకిచ్చిన అంశం 'రోగి భద్రత: మత్తు వైద్యుల అవగాహన, వైఖరి'. అవగాహనకు మనకేం లోటు లేదండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన సర్జరీ చెక్‌లిస్టులోని 19 అంశాలూ ఇక్కడ ఎవరిని లేపి అడిగినా అప్పజెబుతారు. మరి ఆ కాగితం మీద టిక్కులు ఎప్పుడు పడుతున్నాయి? కేసు అయిపోయాక, కేసు షీటు సర్దేటప్పుడు, అన్నీ ఒకే ఊపులో.

రోగిని అడిగే తీరూ అంతే. "రాత్రి నుంచి ఏమైనా తిన్నావా అమ్మా?" అంటాం. "ఏటీ తిన్నేదు బాబూ" అంటుంది. అబద్ధం కాదు. పొద్దున్నే తాగిన చోడి (రాగి) అంబలి ఆమె లెక్కలో తిండి కాదు. మంచినీళ్లకు 2 గంటలు చాలు, అంబలికి 6 గంటలు ఆగాలి. ఏం తాగింది, ఎన్ని గంటలకు తాగింది అని విడిగా అడగండి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి వచ్చిన మనిషైతే క్రియాటినిన్, పొటాషియం చూడకుండా, కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ సిరంజి ఎత్తకండి. అలాంటి వాళ్లకు ఆపరేషన్ తర్వాత నొప్పికి డైక్లోఫెనాక్ అలవాటుగా రాసేయకండి.

మత్తు మెషీన్ గురించీ చెప్పమన్నారు, రెండు ముక్కల్లో చెబుతాను. అక్టోబర్ మనకు తుపాన్ల నెల. 2018లో తిత్లీ పలాస వైపు ఏం చేసిందో చూశాం. నిండు బి టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. గేజ్ సగానికి దిగితే 750. నిమిషానికి 10 లీటర్లు వాడితే గంటంపావు వస్తుంది. వెంటిలేటర్ కూడా ఆ గ్యాసుతోనే నడిచే రకమైతే అంతకూడా రాదు. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగు రోగి తల దగ్గర ఉండాలి, తాళం వేసిన బీరువాలో కాదు.

అసలు నేను వచ్చింది ఆంప్యూళ్ల గురించి, అంటే ఇంజెక్షన్ మందుల చిన్న గాజు సీసాల గురించి మాట్లాడడానికి. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

సిజేరియన్ కేసు అనుకుందాం. స్పైనల్‌కు, అంటే వెన్నులో ఇచ్చే మత్తుకు, హెవీ బుపివకెయిన్, 0.5 శాతం, 4 మి.లీ. ఆంప్యూల్. రక్తస్రావం తగ్గించడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ (ట్రానెక్సా), 5 మి.లీ.లో 500 మి.గ్రా. రెండూ నీళ్లలా ఉంటాయి. కొన్ని కంపెనీలవి పక్కపక్కన పెడితే పోల్చుకోలేం. అలాంటి రెండూ ఒకే ట్రేలో పెట్టుకుంటున్నాం! వెన్నులోకి ఇచ్చేది సుమారు 2 మి.లీ. తారుమారైతే 200 మి.గ్రా. ట్రానెక్సా వెన్నులోకి పోతుంది. అక్కడ అది నాడుల ఉద్రేకాన్ని అణిచే గాబా, గ్లైసిన్ సంకేతాలను అడ్డుకుంటుంది. వైద్య పత్రికలకెక్కిన ఇలాంటి కేసుల్లో సుమారు సగం మంది చనిపోయారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ఎన్ని ఓటీ గోడల మీద ఉందది?

పొరపాటు ఎక్కడ దూరుతుందో చూడండి. డాక్టరు స్టెరైల్ గ్లౌజుల్లో ఉంటారు, ఆంప్యూల్ ముట్టుకోకూడదు. సిస్టర్ ఆంప్యూల్ మెడ విరిచి, దాన్ని వంచి పట్టుకుంటుంది. ఆయన సూది ముంచి మందు లాగుతారు. పేరు అచ్చైన వైపు ఆమె వేళ్ల కింద ఉంటుంది. ఆయన చూశారని ఆమె, ఆమె చూసిందని ఆయన. కాబట్టి విరవక ముందే పేరు డాక్టరు వైపు తిప్పాలి. మందు పేరు, శాతం, ఎక్స్‌పైరీ సిస్టర్ పైకి చదవాలి, డాక్టరు చూసి తిరిగి చెప్పాలి. ఖాళీ ఆంప్యూల్ స్పైనల్ పట్టేదాకా ట్రేలోనే ఉండాలి. వెంటనే చెత్త డబ్బాలో వేస్తే ఏం ఎక్కిందో తేల్చుకోలేం.

పైకి చదవమంటే "నాకు తెలీదా?" అంటారు సీనియర్లు. చేతులు కడుక్కొని నిలబడ్డ సర్జన్ గారు "ఇంకా ఎంతసేపండీ?" అంటారు. వైఖరి అంటే ఇదే! "సార్, ఒక్కసారి చూడండి" అన్న సిస్టర్ మీద విసుక్కుంటే, మళ్లీ ఆమె నోరు విప్పదు.

మీ ఓటీలో ట్రానెక్సా మత్తు ట్రేలోనే ఉంటుందా? ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఎత్తండమ్మా, పేర్లు రాసుకోవడం లేదు. చూశారా ఎంతమందో! రేపు డ్యూటీ ఎక్కగానే వాటిని వేరే డబ్బాలోకి, వీలైతే ఓటీ గది బయటి బీరువాలోకి మార్చండి. డబ్బా మీద ఎర్ర స్కెచ్‌తో 'రక్తనాళంలోకి మాత్రమే' అని రాయండి. కావలసినప్పుడు అడిగి తెప్పించుకుందాం. తారుమారు కాబోయి చివరి క్షణంలో దొరికినవి ఒక నోటుబుక్కులో రాయండి: తేదీ, మందు, ఎక్కడ పట్టుబడింది. మనిషి పేరు వద్దు.

ఇన్ని చేసినా జరిగిందనుకోండి. కాళ్లు మొద్దుబారవు. నిమిషాల్లో నడుము, పిరుదుల్లో భరించలేని మంట, ఆపైన కాళ్లు అదరడం, బీపీ, గుండె వేగం పెరగడం, ఫిట్స్. స్పైనల్ ఫెయిలైందని మళ్లీ గుచ్చబోయే ముందు ట్రేలోని ఖాళీ ఆంప్యూల్ చూడండి. ట్రానెక్సా అని తేలితే తల వైపు ఎత్తండి, సాయానికి పిలవండి, ఫిట్స్ ఆపే మిడజోలాం, ప్రోపోఫోల్ అందుకోండి, గొంతులో ఊపిరి ట్యూబు వేయండి, ఐసీయూకి కబురు పెట్టండి. సిజేరియన్ ఇక జనరల్ అనస్థీషియా కిందే సాగాలి.

ప్రశ్నలుంటే అడగండి. ముందు సిస్టర్లు.